కారు నుంచి బాపు దాకా ఒక వైరు

మా ఇంటి ముందు కారు కనబడితే చాలు, అందరిదీ ఒకటే మాట. "కారున్నది గద, పోయి రాకపోయినవా?" వేములవాడలో మొక్కు ఉన్నా అదే మాట, మెట్‌పల్లిలో పెండ్లి ఉన్నా అదే మాట. కారు ఉన్నది నిజమే. అది ఎక్కి తిరగడానికి కొన్నానన్న సంగతి మాత్రం నేనే మరచిపోయాను. పొద్దున కోరుట్ల నుంచి జగిత్యాలలో నా ఆఫీసుకు పోవాలి, సాయంత్రం తిరిగి రావాలి, మిగిలిన కాలమంతా రేకుల కింద కదలకుండా నిలబడాలి. దాని బతుకు అంతే. నా బతుకూ ఇంచుమించు అంతే.

బస్సులో నిలబడి నిలబడి నడుము పడిపోయిన తర్వాత, పెట్రోలు గోల కూడా ఉండదు కదా అని కరెంటు కారు కొనుక్కున్నాను. కిటికీ అద్దం దించుకొని పాటలు పెట్టుకొని పోదామని ఆశపడ్డాను. ఏడాది తిరగకముందే మా బాపు వచ్చాడు, బాపు వెంబడి ఆక్సిజన్ మిషన్ వచ్చింది. ఆనాటి నుంచి పాటలు బంద్.

బాపు సిరిసిల్ల మనిషి. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. పెండ్లి కాకముందు ఆ సాంచాల ముందు నిలబడ్డవాడు, నా పెండ్లి అయిన తర్వాత కూడా అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ చప్పుడు ఆయన చెవులను సగం తిన్నది. నూలు దుమ్ము, బీడీ పొగ కలిసి ఊపిరితిత్తులను పంచుకున్నాయి. అమ్మ పోయిన తర్వాత ఒక్కడే ఉండేవాడు. రమ్మంటే వచ్చే రకం కాదు. "బిడ్డ ఇంట్ల ఎన్నొద్దులుంటరు? నలుగురు నవ్వరా?" అనేవాడు. మంచం మీద నుంచి వాకిలి దాకా నడిస్తే గోడ పట్టుకొని నిలబడాల్సి వచ్చేసరికి, ఇక మాట్లాడే ఓపిక లేక కారెక్కాడు. "నాలుగొద్దులుండి పోత" అన్నాడు. ఆ నాలుగొద్దులు ఇంకా అయిపోలేదు. వారం వారం అడిగేవాడు, సిరిసిల్లకు ఎప్పుడు పోవాలని.

మిషన్ చిన్న పెట్టె అంత ఉంటుంది. గదిలోని గాలినే పీల్చి, దానిలోంచి ఆక్సిజన్ తీసి, సన్నటి పైపులో ముక్కుకు అందిస్తుంది. రోజంతా టక్కుమని, ఆ వెనుక పుస్సుమని ఒకటే చప్పుడు. నాకు తల పగిలిపోయేది. బాపుకు మాత్రం అది వచ్చిన రోజే ప్రాణం కుదుటపడింది. మా వాడ మరీ నిశ్శబ్దంగా ఉందని, నిద్ర పట్టడం లేదని అప్పటిదాకా ఒకటే సణుగుడు. "గిది గూడ సాంచానే బిడ్డా. పోగు నేసే నాడె లేదు, గంతే" అన్నాడు. పొద్దున లేవగానే దాన్ని గుడ్డతో తుడిచేవాడు. దసరాకు నా కంటే ముందు తానే దానికి బొట్టు పెట్టాడు.

సాంచాకైనా మిషన్‌కైనా కరెంటు కావాలి. ఎండాకాలంలో మా దగ్గర కరెంటు సంగతి చెప్పుకోవద్దు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, దాని బ్యాటరీ బాపు కంటే ముసలిది. ఫ్యాన్లూ లైట్లూ ఆ లైను నుంచి తీసేసి మిషన్ ఒక్కటే దాని మీద ఉంచినా కాసేపటికే కుయ్యోమనేది. ఒకసారి అట్లా అది చేతులెత్తేసి, బాపు ఎగపోస్తుంటే ఏం చేయాలో తెలియక మస్కట్‌లో ఉన్న మా ఆయనకు ఫోను చేసి ఏడ్చాను. ఆయన అక్కడ జనరేటర్ల దగ్గర పని చేస్తాడు. నా ఏడుపు అంతా విని, "వాకిట్ల కారుల గంత పెద్ద బ్యాటరీ వెట్టుకొని, గీ ఇన్వర్టర్ కోసం ఏడుస్తవేంది?" అన్నాడు.

ఆయన చెప్పిన వస్తువు కారుతో పాటే వచ్చింది. ఎందుకో తెలియక డిక్కీలో సంచి కింద పడేశాను. కారుకు ఛార్జింగ్ పెట్టే చోట దాన్ని గుచ్చితే, అవతలి కొసన మామూలు ప్లగ్గు పాయింటు ఉంటుంది. తాగిన కరెంటును కారు మళ్లీ బయటికి ఇస్తుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, కిటికీ ఊచల మధ్య నుంచి వైరు లోపలికి లాగి, మిషన్‌కు పెట్టాను. టక్, పుస్. ఆ రోజు మెట్ల మీద కూర్చొని చాయ్ తాగుతూ, పాలిచ్చే బర్రెను చూసినట్టు కారును చూసుకున్నాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. లెక్కలు మొదలయ్యాయి. నేను తిరిగే ప్రతి కిలోమీటరూ బాపు ఊపిరిలో నుంచి కోసుకుంటున్నట్టే ఉండేది. ఎండాకాలంలో కూడా ఏసీ వేయకుండా జగిత్యాల పోయి, చెమటతో ముద్దయి ఆఫీసులో కూర్చుంటే పక్క సీటు ఆమె నవ్వేది. "మేడం, కారు కొన్నరు సరే, చెమట గూడ అండ్లకెల్లే అస్తదా?" మబ్బు పడితే ఒక కన్ను ఆకాశం మీద, ఒక కన్ను ఫోనులో కారు పర్సెంటు మీద. డెబ్బై ఉంటే ధీమా, నలభైకి వస్తే గుబులు. నేను జగిత్యాలలో ఉన్నప్పుడు కోరుట్లలో కరెంటు పోతే, ఆ ముసలి ఇన్వర్టర్ ఆగేలోపల కారుతో సహా ఇంటికి చేరాలి. అట్లా ఎన్నిసార్లు ఫైళ్లు వదిలేసి ఉరికానో. పై అధికారి మొదట్లో అయ్యో అన్నాడు, తర్వాత సరే అన్నాడు, ఆ తర్వాత మొహం చూడడం మానేశాడు. నాకు యాష్టకొచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను. కారు మీద, కరెంటు మీద, మస్కట్ నుంచి సలహాలు చెప్పే మనిషి మీద, ఒక్కోసారి మంచం మీద ఉన్న మనిషి మీద కూడా.

నేను లేనప్పుడు బాపును కనిపెట్టుకొని ఉండేది పక్కింటి చాచి. బట్టలు కుడుతుంది. మధ్యమధ్య కుట్టుపని ఆపి వచ్చి నీళ్లిచ్చి, ముచ్చట పెట్టి పోతుంది, కరెంటు పోతే నాకు ఫోను చేస్తుంది. బాపుకు వినబడాలని ఆమె అరుస్తుంది, తనకే వినబడదు కనుక బాపు ఇంకా గట్టిగా అరుస్తాడు. వీధి చివర కిరాణా కొట్టు దాకా అందరికీ వాళ్ల ముచ్చట్లు తెలుసు.

సాంచాల ముచ్చట వస్తే బాపు మొదలుపెట్టే కథ ఒకటుంది. "కరెంట్ పోయిందనుకో, ముందుగాల ఏం జెయ్యాలె? స్విచ్ బంద్ జెయ్యాలె. కరెంట్ చెప్పి రాదు చాచీ. పోగు తెగిందని నువ్వు లోపల చెయ్యి వెట్టి అతుకుతుంటవు, గప్పుడే అస్తది. సాంచా ఊకుంటదా?" ఆయనతో పని చేసిన ఒకాయనకు అట్లాగే వేలు పోయింది. అప్పటి నుంచి కార్ఖానాలో దీపం ఆరీ ఆరకముందే బాపు చెయ్యి స్విచ్చు మీద ఉండేదట. స్విచ్చులన్నీ బంద్ చేసి, అందరూ బయటికొచ్చి, రోడ్డు మీద చాయ్. "సాంచా నడిపెటోనికి కరెంట్ పోతేనే సెలవు" అని నవ్వేవాడు. ఈ కథ నేను చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. విని విని నా చెవులకు ఎక్కడం మానేసింది.

మొన్నటి ఎండాకాలంలో ఒక ఆదివారం. గాలివాన వస్తుందని పొద్దుటి నుంచే అంటున్నారు. ఈసారి ఉరుకులు పరుగులు వద్దని, కరెంటు ఉండగానే మిషన్‌ను కారు లైను మీదికి మార్చాను. ఆ వైరుకే వరండాలో ఇంకో బాక్సు కూడా తగిలించాను, వాడవాళ్లు ఎట్లాగూ ఫోన్లు పట్టుకొని వస్తారు. తోడు పెట్టుకోవడానికి ఇంత పెరుగు అడిగినట్టే మా వాడలో ఇప్పుడు కరెంటు అడుగుతారు, లేదనడానికి నోరు రాదు. మధ్యాహ్నం దాటాక ఆకాశం ఒక్కసారి నల్లబడింది. మేడ మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తడానికి ఉరికాను. నేను పైన ఉండగానే గాలి లేచింది, ఎక్కడో పెద్ద చప్పుడైంది, కరెంటు పోయింది. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. అన్నీ ముందే చేసి పెట్టుకున్నానన్న ధీమా. నెమ్మదిగా మిరపకాయలు ఎత్తుకున్నాను. కిందికొచ్చి, అప్పటికే వచ్చినవాళ్ల ఫోన్లు బాక్సుకు పెట్టించాను. ఇదేం సంతరా నాయనా అని ఒకరిద్దరిని విసుక్కున్నాను కూడా.

చాచి ఫోను ఇచ్చి, బాపును చూసి వస్తానని లోపలికి పోయింది. పోయిన మనిషి గడపలోనే ఆగింది. "బేటీ, మిషన్ సప్పుడొస్తలేదు."

నేను బాపు దగ్గరికి ఉరకలేదు. కారు దగ్గరికి ఉరికాను. నా బుద్ధి అప్పటికి అట్లా తయారైంది. వానలో తడుస్తూ తలుపు తీసి చూస్తే తెర మీద అంతా బాగానే ఉంది, కరెంటు ఇస్తూనే ఉంది. ప్లగ్గు ఊపి చూశాను. వరండాలోకి వచ్చి, లోడు ఎక్కువైందేమోనని ఫోన్లన్నీ పీకి పడేశాను. ఆ ఫోన్లు అప్పటిదాకా ఛార్జింగ్ ఎక్కుతూనే ఉన్నాయి కదా, లైను మంచిగానే ఉన్నట్టే కదా అన్న ఇంగితం కూడా రాలేదు. వైరు ఎక్కడ తెగిందో అని చేత్తో తడుముకుంటూ కిటికీ దాకా, కిటికీ నుంచి గదిలోకి, గదిలో మంచం పక్కకు వచ్చాను. వైరు ఎక్కడా తెగలేదు. మిషన్ స్విచ్చు బంద్ చేసి ఉంది.

బాపు గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. పైపు ముక్కుకు ఉన్నది ఉన్నట్టే ఉంది. చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. కళ్లు సగం మూసుకున్నాయి, పెదవులు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. స్విచ్చు వేశాను. మిషన్ కూత పెట్టి మొదలైంది. చాచి ఆయన వీపు రాస్తూ తన దేవుణ్ని తలుచుకుంటోంది. నేను చల్లబడిన ఆ వేళ్లు పట్టుకొని, వాటికి రంగు వచ్చేదాకా కదలలేదు. ఎంతసేపో తెలియదు. వాన తగ్గిపోయింది.

మాట వచ్చాక అడిగాను. "ఎవలు బంద్ చేసిండ్రు బాపు?"

"నేనే. కరెంట్ పోయింది గద బిడ్డా."

"పోతె పోనియ్! మనకు కార్లకెల్లి అస్తున్నది! ఎన్నిసార్లు చెప్పాలె నీకు? నేను గింత ఆగమైతున్నది ఎవల కోసం?"

ఆగిపోయిన ఫ్యాను వైపు చూశాడు. "ఫ్యాన్ బంద్ అయింది. చెయ్యి గట్లనే స్విచ్చు మీదికి పోయింది."

నేను ఇంకా అరిచాను. ఏమేం అన్నానో చాచికే తెలుసు. "ఊకో బేటీ, పానం దక్కింది" అని ఆమె నన్ను పట్టుకుంది. నా అరుపులన్నీ అయిపోయాక బాపు ఎవరితోనో అన్నట్టు నెమ్మదిగా అన్నాడు. "జరసేపు మంచిగనే అనిపించింది. ఏం సప్పుడు లేకుంట. బయటికి పోయి చాయ్ తాగుదామనిపించింది."

ఆ మాట నన్ను వదలలేదు. చెయ్యి అలవాటు కొద్దీ పోయిందన్నాడు, నమ్మాను. కానీ ఊపిరి ఆడనప్పుడు ఎవరైనా పిలుస్తారు కదా. వరండాలో అంతమందిమి ఉన్నాం. ఆయన పిలవలేదు. స్విచ్చు మళ్లీ వేసుకోలేదు. సెలవు దొరికినవాడిలాగా గోడకు ఆనుకొని కూర్చున్నాడు. అది సాంచాల అలవాటా, లేక బాపు కూడా నాలాగే అలసిపోయాడా? ఆయనకు ఈ ఊపిరి ఇక వద్దా? రెండోదే అయితే, నేను ఆ కారును అట్లా కాపలా కాయడం ఎవరి కోసం?

మా ఇండ్లలో తిన్నావా అని అడుగుతాం, మందు వేసుకున్నావా అని అడుగుతాం. చావాలని ఉందా అని ఏ బిడ్డ తండ్రిని అడుగుతుంది? నేను అడగలేదు. దానికి బదులు స్విచ్చు మీద మందుల డబ్బాలోని ప్లాస్టరు అతికించాను. బాపు దాన్ని చూశాడు. జైలుకు తాళం వేసిన పోలీసులా అనిపించి నేనే తల తిప్పుకున్నాను. ఆ తర్వాత ఆయన తిండి తగ్గించాడు. సిరిసిల్లకు ఎప్పుడు పోవాలని అడగడం కూడా మానేశాడు. రోజూ అడిగి ప్రాణం తీస్తే బాగుండు అనిపించేది.

అందుకే ఒక ఆదివారం నేనే తీసుకుపోయాను. కారును నిండా ఛార్జింగ్ చేసి, మిషన్‌ను వెనుక సీటులో పెట్టి, కారు లోపల సీటు కింద ఉన్న ప్లగ్గు నుంచే దానికి లైను ఇచ్చి, వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయాం. ఆయన పని చేసిన కార్ఖానా ఉన్న వీధిలో ఆపాను. లోపల సాంచాలు నడుస్తున్నాయి. దిగనీయలేదు, అద్దం దించాను. పాత దోస్తులు ఒక్కొక్కరే వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు, చాయ్ తెచ్చారు. ఒకాయన నవ్వుతూనే అన్నాడు. "ఏందిరా, ముక్కుకు తాడు ఏసుకున్నవు? గిట్ల ఎన్నొద్దులు బతుకుతవురా?" బాపు కూడా నవ్వాడు. "నాకేం ఎరుక? నా బిడ్డను అడుగుండ్రి" అన్నాడు. నాకు ఆ మనిషి గ్లాసు లాగి పారేద్దామన్నంత కోపం వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా బాపు బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను పర్సెంటు చూస్తూ కూర్చున్నాను. ఇల్లు వచ్చింది.

వానాకాలం మొదలైన తర్వాత ఒకరోజు ఆఫీసులో మీటింగు జరుగుతోంది. ఫోను మోగింది. బాపు నంబరు. బాపు ఎప్పుడూ ఫోను చేయడు. ఫోనులో మాట ఆయనకు వినబడదు. నేను హలో అనకముందే మొదలుపెట్టాడు.

"బిడ్డా! కరెంట్ పోయింది! చాచి బజారుకు పోయింది! మిషన్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నది! నేను బంద్ చెయ్యలే! ఇంటున్నవా? బంద్ చెయ్యలే! నువ్వు నిమ్మలంగ రా!"

పెట్టేశాడు. ఆ కేక గదిలో అందరికీ వినబడింది. చాలా రోజుల తర్వాత పై అధికారి నా మొహం చూసి, పోండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

జగిత్యాల నుంచి కోరుట్ల దాకా ఎట్లా వచ్చానో నాకు గుర్తు లేదు. ఇంట్లోకి అడుగు పెట్టేసరికి ఇన్వర్టర్ కుయ్యోమంటోంది, మిషన్ ఇంకా నడుస్తోంది. ఫ్యాను లేక బాపు మొహం మీద చెమట ధారలు కడుతోంది. స్విచ్చు మీది ప్లాస్టరు ఎప్పుడు ఊడిందో ఏమో, అక్కడ లేదు. ఆయన మంచం మీద నిటారుగా కూర్చొని ఉన్నాడు. చేతులు రెండూ తొడల కింద ఉన్నాయి.

"గదేం కూసునుడు బాపు?"

"చెయ్యి ఊకె గటే పోతున్నది బిడ్డా. దాన్ని నమ్మేటట్టు లేదు. అందుకే మీద కూసున్న."

నాకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపైంది, ఆపుకోలేదు. ఇన్ని రోజులు నేను అడగలేకపోయిన మాటకు జవాబు ఆయన తన చేతుల మీద కూర్చొని చెబుతున్నాడు. ఎంతసేపటి నుంచి అట్లా ఉన్నాడో, వేళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. "నేనచ్చిన గద, ఇగ తియ్యి చేతులు" అని భుజం పట్టుకున్నాను. బాపు కదలలేదు.

"ముందుగాల కారు లైనియ్యి, తర్వాత తీస్త" అన్నాడు.